ఎదురెండ

వినోద గడప దాటి లోపలికి రాలేదు. ప్రమీల రెండుసార్లు రమ్మంది, కుర్చీ కూడా జరిపింది. వినోద మాత్రం బయటే నిలబడి, కూతురు ప్రియాంకను ముందుకు తెచ్చి, పిల్ల గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది. కింది పెదవి మీద రెండు కుట్లు. వాపు ఇంకా దిగలేదు.

"జర మంచిగ చూడు వదినె," అంది. "నాలుగు రోజులాయె. పాలు తప్ప ఇంకోటి ముడుతలేదు."

ప్రమీల కొత్తగా చూడాల్సిందేమీ లేదు. మంగళవారం దవాఖానలో కుట్లు వేస్తుంటే ఆ ఏడేళ్ల పిల్ల కాళ్లు కదలకుండా పట్టుకున్నది తనే. ఆ ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. అయినా చూసింది. చూడకపోతే వినోద ఇంకో మాట అనేట్టుంది.

లోపల పరదా వెనక మంచం మీద ఇస్సాకు కూర్చుని అంతా వింటున్నాడు. ప్రమీల మొగుడు, స్కూలు వ్యాను డ్రైవరు. పదకొండేళ్లుగా కాజీపేట పిల్లలను వరంగల్‌లో బడికి తీసుకెళ్లి తీసుకొస్తున్నాడు. పొద్దున తూర్పుకు పోవాలి, సాయంత్రం పడమటికి రావాలి. అంటే పోయేటప్పుడూ సూర్యుడు ఎదురే, వచ్చేటప్పుడూ ఎదురే. ఇన్నేళ్లూ కళ్లు చికిలించి ఎట్లాగో నెట్టుకొచ్చాడు. మంగళవారం పొద్దున మాత్రం ఎండ కళ్లలో కొట్టి, ముందు ఆగి ఉన్న ఆటో కనిపించలేదు. కనిపించేసరికి మూరెడు దూరం. బ్రేకు తొక్కితే వ్యాను ఆగింది కానీ లోపలి పిల్లలు ఆగలేదు. ప్రియాంక ముఖం ముందు సీటు ఇనుప కడ్డీకి తగిలింది.

పదిహేనుమంది పిల్లల్లో ఒక్కరికే దెబ్బ తగిలిందని ఆ రోజు అందరూ ఎవరి దేవుడికి వాళ్లు దండం పెట్టుకున్నారు. ఆ ఒక్కరి తల్లి ఇప్పుడు గడప అవతల నిలబడి ఉంది.

వినోద తగవులమారి కాదు. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. క్రిస్మస్‌కు కేకు అటు పోతుంది, బతుకమ్మకు సత్తుపిండి ఇటు వస్తుంది. వినోద మొగుడు లారీ మీద పోతే పది రోజులకు గానీ ఇల్లు చూడడు. ఆమె ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా, పొద్దున ఏడున్నరకే డ్యూటీ ఎక్కాలి. పిల్ల బడికి పోవాలంటే ఈ వ్యాను తప్ప ఇంకో దారి లేదు. అందుకే తిట్టడానికి కాదు, ధైర్యం అడగడానికి వచ్చింది. తిట్టడానికి వచ్చి ఉంటే ప్రమీలకు పని తేలికయ్యేది.

"ఒక్క ముచ్చట చెప్పు వదినె. అన్నకు కండ్లు కనవడుతానయా లేదా?"

కనిపిస్తాయని ప్రమీల చెప్పింది. ఎండ కొట్టడం వల్లనే అట్లా అయిందని, ఈ పూటే పోయి డ్రైవింగ్‌కు పనికొచ్చే అద్దాలు చేయిస్తున్నామని చెప్పింది. అంతటితో ఊరుకుంటే పోయేది. ప్రియాంక నెత్తి మీద చెయ్యి పెట్టింది.

"సోమవారం పంపు. నా మాట మీద పంపు," అంది.

వినోద కాసేపు ఆ చేతి వైపే చూసింది.

"నీ మాట మీదనే పంపుత. అన్న మాట మీద కాదు," అని పిల్లను తీసుకుని వెళ్లిపోయింది.

* * *

పరదా తీసుకుని ఇస్సాకు బయటికి వచ్చాడు. అంగీ జేబుకు బుధవారం ఫుట్‌పాత్ మీద కొన్న నల్ల కళ్లద్దాలు వేలాడుతున్నాయి.

"పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టుడేంది?" అన్నాడు. "గంత దూరం ఎవలు పొమ్మన్నరు నిన్ను?"

"నువ్వు బయటికొస్తె నేను గంత దూరం పోకపోదును."

నలభై తొమ్మిదేళ్ల మనిషి, పొరుగింటి ఆడమనిషికి ముఖం చూపించలేక పరదా చాటున దాక్కున్నాడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ప్రమీల కొంగు చివర ముడి ఉంది. ఆ ముడిలో వ్యాను తాళంచెవి ఉంది. వ్యాను ఓనరు సదానందం బుధవారం వచ్చి దాన్ని ఇస్సాకు చేతికి కాకుండా ఆమె చేతికి ఇచ్చి పోయాడు. సోమవారం పొద్దున ఏడింటికి వస్తానని, అప్పటికి ప్రమీలకు నమ్మకం కుదిరితే తాళంచెవి మొగుడికి ఇవ్వాలని, కుదరకపోతే తన చేతికే ఇవ్వాలని, మధు అని ఇంకో డ్రైవరుతో ఇప్పటికే మాట్లాడి పెట్టానని చెప్పాడు. అంతవరకూ వ్యాను మధు నడుపుతాడట, రెండో తాళంచెవితో. పదకొండేళ్లు పనిచేసిన మనిషిని ముఖం మీద పొమ్మనలేక అట్లా చేశాడు. సదానందం మంచివాడు. మంచివాళ్లు తమ నెత్తి మీది బరువును ఇట్లాగే మర్యాదగా పక్కవాళ్ల నెత్తికి మారుస్తుంటారు.

ఈ వ్యాను పోతే ఇంకో వ్యాను దొరకదు. పిల్లకు కుట్లు పడ్డ సంగతి కాజీపేట అంతా తెలిసిపోయింది. బండి నడపడం తప్ప ఇస్సాకుకు ఇంకో పని రాదు.

"రెండేండ్ల సంది మొత్తుకుంటాన, కండ్లు చూపిచ్చుకోమని," అంది ప్రమీల.

"డ్రైవర్ ముఖాన అద్దాలు చూస్తె పిల్లల తల్లులు బుగులు పడ్తరు."

"ఇప్పుడు పడుతలేరా?"

ప్రమీల బైబిలు ఉండే సొరుగు తీసి, అడుగున ఉన్న పాత కళ్లద్దాల ఫ్రేము బయటికి తీసింది. గోధుమరంగుది, మందంగా, వెడల్పుగా ఉంటుంది. ఇస్సాకు తండ్రి స్టీఫెన్‌ది. ఆయన రైలింజను మీద పనిచేసి రిటైరయ్యాక పెట్టుకున్న ఫ్రేము. ఆయన పోయి తొమ్మిదేళ్లయినా అది చెక్కుచెదరలేదు. ఫ్రేము ఖర్చయినా మిగులుతుందని ప్రమీల ఆశ.

* * *

హనుమకొండలో సారంగపాణి కళ్లద్దాల దుకాణం పెద్దదేం కాదు. ముందు బల్ల, వెనక కంటి పరీక్షకు ఒక ఇరుకు గది. సారంగపాణి మాటకారి. అమ్మడం కన్నా చెప్పడం ఇష్టం.

ముందుగా ఇస్సాకు జేబులోని నల్ల అద్దాలు తీసి వెలుతురుకు పెట్టి చూసి, బల్ల మీద పడేశాడు. నలుపుకు మోసపోయి కంటిపాప పెద్దగా తెరుచుకుంటుందని, ఎండను ఆపే గుణం అద్దంలో లేకపోతే లోపలికి పోవాల్సినదానికన్నా ఎక్కువ పోతుందని చెప్పాడు. పైగా పవర్ లేదు. "గివి పెట్టుకోని నడిపితె కండ్లకు గంతలు కట్టుకున్నట్టే తమ్మీ," అన్నాడు.

ఇస్సాకు మనసంతా రంగు మారే అద్దాల మీద ఉంది. ఇంట్లో తెల్లగా, ఎండలో నల్లగా. డ్రైవరు అద్దాలు పెట్టుకున్నట్టు కాక సోకు చేసుకున్నట్టు ఉంటుందని ఆయన లెక్క. సారంగపాణి ఒక జత తెచ్చి దుకాణం బయట ఎండలో పెట్టి చూపించాడు. చూస్తుండగానే నల్లబడ్డాయి. ఇస్సాకు ముఖం వెలిగింది.

"మురవకు," అన్నాడు సారంగపాణి. "వ్యాన్ల కూసుంటె గిట్ల కావు. వీటిని నల్లగ చేసే కిరణాన్ని నీ ముందటద్దమే ఆపేస్తది. తొవ్వల నడిచేటోనికి మంచివి, డ్రైవర్‌కు కాదు."

ఫ్రేముకు తగిలించే నల్ల రెక్కలు ఉన్నాయి కదా అని ప్రమీల అడిగింది. గతుకుల్లో జారతాయన్నాడు. మరీ నల్ల అద్దాలు వేయిస్తే? అండర్ బ్రిడ్జి కిందికి పోగానే కళ్ల ముందు చీకటి అన్నాడు. రోడ్డు మీది తళతళను కోసేసే రకం ఒకటి ఉంది, పవర్‌తో చేయిస్తే చాలా బాగుంటుంది, కానీ దాని ధర వినగానే ప్రమీల తల దించుకుంది. సారంగపాణి అది చూసి ఆ జతను లోపల పెట్టేశాడు. స్టీఫెన్ ఫ్రేమును అటూ ఇటూ తిప్పి, వెడల్పు ఫ్రేము పక్క ఎండను కూడా ఆపుతుందని మెచ్చుకున్నాడు. దీనిలోనే పవర్ అద్దం వేసి, మధ్యస్తంగా గోధుమరంగు పట్టించి, ఎండ కిరణాలు ఆగే పూత వేస్తే పన్నెండు వందల్లో అయిపోతుందన్నాడు. పొద్దు గుంకగానే తీసేయాలన్నది ఒక్కటే షరతు.

ప్రమీలకు ప్రాణం లేచివచ్చింది.

ఇక పవర్ తేల్చాలి. ఇస్సాకు మిషను ముందు గడ్డం పెట్టాడు, తర్వాత కుర్చీలో కూర్చుని ఎదుటి గోడ మీది అక్షరాల బోర్డు చదివాడు. ప్రమీల పక్కనే స్టూలు మీద కూర్చుని ఆయన గొంతు వింటోంది. పై నుంచి ఆఖరి వరుస దాకా ఎక్కడా తడబడలేదు. సారంగపాణి కాసేపు తన కాగితం వైపు చూశాడు.

"మిషన్ రెండుంబావు పవర్ అంటాంది. నువ్వు ముప్పావుతోనే కింది వరుస చదువుతానవ్. ఒక్కపారి పెద్ద కండ్ల దవాఖానల చూపిచ్చుకుంటవా తమ్మీ?"

దవాఖాన అంటే రెండు రోజులు. సోమవారం ఆగదు. ఇస్సాకు ఇంకోసారి చదివాడు, ఈసారి ఇంకా వేగంగా. మనిషి ఇంత బాగా చదివాక మిషను మాటెందుకని సారంగపాణి ముప్పావే రాసుకున్నాడు. కన్ను అంత చెడిపోలేదు, ఎండదే తప్పు అని ఇస్సాకు దారి పొడుగునా చెప్పుకున్నాడు. నాలుగు రోజుల తర్వాత ఆయన గొంతులో నవ్వు వినపడితే ప్రమీల కూడా నవ్వింది. వినోదకు ఇచ్చిన మాట నిలబడింది అనుకుంది.

* * *

ఆదివారం చర్చి అయ్యాక పోయి అద్దాలు తెచ్చుకున్నారు. సాయంత్రం అయిదింటికి ఇంటి ముందరి చర్చి ప్రహరీ పక్కన నిలిపి ఉన్న వ్యానులో ఎక్కి కూర్చున్నారు. నడపడానికి కాదు, చూడడానికి. వ్యాను ముఖం పడమటికి ఉంది. సూర్యుడు సరిగ్గా ముందటద్దం మీద ఉన్నాడు.

ఇస్సాకు తండ్రి ఫ్రేము పెట్టుకుని తల పైకెత్తాడు. కళ్లు చికిలించలేదు. నుదుటి మీద ఎప్పుడూ ఉండే ముడతలు విప్పుకున్నాయి.

"పొద్దు చెప్పినట్టు వింటాండు ప్రమీలా," అన్నాడు. ఇంత సుఖం ఇన్నేళ్లూ తనకు తెలియకపోయెనే అన్నాడు. ఆయన్ని అట్లా చూసి ఆమెకు కళ్లు చెమర్చాయి.

సరదాకే అడిగింది, ఎదుటి బోర్డులు చదవమని. చర్చి బోర్డు చదివాడు. టీకొట్టు బోర్డు చదివాడు. ఆ చివర పంక్చరు షాపు బోర్డు కూడా, కింద ఉన్న ఫోన్ నంబరుతో సహా చదివాడు. ఇంతలో ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు దింపి తిరిగి వస్తున్న లారీ ఒకటి టీకొట్టు ముందు ఆగింది. దాని నంబరు చదవమంది.

ఇస్సాకు ముందుకు వంగాడు. వెనక్కి జరిగాడు. అద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"దుమ్ము కొట్టుకున్నది, కనవడ్తలేదు," అన్నాడు.

ప్రమీలకు అద్దాలు లేకుండానే కనపడుతోంది. ఆ వెనకున్న పంక్చరు షాపు ఇంకా దూరం. అదేమో ఫోన్ నంబరుతో సహా చదివాడు, ఇదేమో కనపడటం లేదు. గొంతు మారకుండా జాగ్రత్తపడి అడిగింది.

"నిన్న దుకాణంల ఆఖరి వరుస చదివినవ్ గద. ఏమున్నయ్ దాంట్ల?"

లారీ బాధ వదిలిందని ఇస్సాకుకు హాయి అనిపించింది. సీటు మీద వెనక్కి వాలాడు.

"డి, ఇ, ఎఫ్, పి, ఓ, టి, ఇ, సి," అన్నాడు. అడగకుండానే పై వరుసా చెప్పాడు, దాని పైదీ చెప్పాడు. సండే స్కూలు పిల్లలు కంఠత వాక్యం అప్పజెప్పినట్టు గడగడా చెప్పాడు.

గోధుమరంగు అద్దాల వెనక ఆయన కళ్లు మూసి ఉన్నాయి.

ప్రమీల ఆయన భుజం తట్టింది. ఇస్సాకు కళ్లు తెరిచాడు. ఆమె ముఖం చూశాక ఏం జరిగిందో ఆయనకూ అర్థమైంది.

తర్వాత ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చెప్పాడు. తండ్రికి ఇంజను మీద పని. కంటి పరీక్ష తప్పితే ఇంజను మీంచి దింపేస్తారని భయం. పరీక్ష నెల దగ్గర పడితే స్టీఫెన్ వంటింటి గోడ మీద బొగ్గుతో ఆ బోర్డు రాసుకునేవాడు. ఎనిమిదేళ్ల ఇస్సాకు పుల్ల పట్టుకుని ఒక్కో అక్షరం చూపించేవాడు, తండ్రి దూరంగా నిలబడి చెప్పేవాడు. తండ్రికి వచ్చిందో లేదో గానీ కొడుక్కి జన్మలో మరిచిపోకుండా వచ్చేసింది. ఆ చదువే లైసెన్సు రెన్యువల్‌కు పోయిన ప్రతిసారీ అక్కరకొచ్చింది.

"నిన్న ఎవ్వలను మోసం చేద్దామనుకున్నవ్?" అంది ప్రమీల. "నీ కండ్లు, నీ అద్దాలు."

"కావాలని చెయ్యలే. బోర్డు కనవడంగనే నోరు తిరిగింది. నువ్వు పక్కనే కూసున్నవ్. ఒక్క అక్షరం తప్పితె నీ ముఖం ఎట్లయితదో అని..."

ఆమెకు కోపం, జాలి ఒకేసారి వచ్చాయి. ఏది ముందో తెలియలేదు. సారంగపాణికి ఫోన్ చేసింది. ఆయన ముందు నమ్మలేదు, తర్వాత తనను తానే తిట్టుకున్నాడు. సోమవారం పదింటికి రమ్మన్నాడు. దవాఖానలో కంట్లో చుక్కలు వేయించి చూపించుకున్నాకే కొత్త అద్దం కోస్తానని, బుధవారం దాకా పడుతుందని, అప్పటిదాకా బండి ముట్టవద్దని చెప్పాడు.

ఇస్సాకు స్టీరింగు వదల్లేదు.

"మూడు రోజులంటె మధు కూసుంటడు. కూసున్నోడు లేవడు. బుధవారం దాకా మెల్లగ పోత ప్రమీలా. తొవ్వంత నాకు కంఠతనే. ఏడ గుంతున్నది, ఏడ మలుపున్నది, కండ్లు మూసుకోని చెప్త."

"మంగళవారం ఆటో ఆగిన జాగ కూడ కంఠత ఉండెనా?"

ఆయన స్టీరింగు మీద తల వాల్చాడు. భుజాలు కదులుతున్నాయి. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో మొగుడు ఏడవడం ప్రమీల ఒకేసారి చూసింది, మామ సమాధి దగ్గర. ఓదార్చడానికి చెయ్యి చాపింది కానీ, ఆ చేత్తోనే నిన్న ప్రియాంక నెత్తి తాకింది. వెనక్కి తీసుకుంది. సదానందానికి నువ్వే చెప్పాలని మాత్రం అంది. ఇస్సాకు చొక్కా అంచుతో కళ్లు తుడుచుకుని వ్యాను దిగాడు.

* * *

సోమవారం పొద్దున ఏడింటికి ముందే ఇస్సాకు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తండ్రి ఫ్రేము పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ప్రమీల వైపు చూడలేదు. చెబుతాడో లేదో ఆమెకు అర్థం కాలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తాళంచెవి ఆయనకు ఇస్తే పదిహేనుమంది పిల్లలు. ఇవ్వకపోతే ఈ మనిషి, ఈ ఇల్లు.

సదానందం మోటారుసైకిలు ఆపి దిగాడు. కొత్త అద్దాలు చూసి సంతోషించాడు. మధుకు రావద్దని ఫోన్ చేయమంటావా అని కూడా అడిగాడు. ఇస్సాకు నోరు విప్పుతాడని ప్రమీల చూసింది. ఇస్సాకు గొంతు సవరించుకున్నాడు.

"సూపర్‌గ కనవడుతాంది అన్నా," అన్నాడు.

అప్పుడే పక్కింటి తలుపు తెరుచుకుంది. వినోద డ్యూటీ చీర కట్టుకుని, ప్రియాంకను యూనిఫాంలో, బ్యాగుతో తీసుకొచ్చింది. పిల్ల చెయ్యి విడిపించుకుని పోయి వ్యాను మెట్టు ఎక్కింది. ఏ సీట్లో కూర్చోవాలో తెలియక ఆ ఇనుప కడ్డీ వైపే చూస్తూ నిలబడింది.

"నీ మాట మీదనే తోలుతాన వదినె," అంది వినోద.

ప్రమీల కొంగు ముడి విప్పింది. సదానందం చెయ్యి చాపాడు. ఇస్సాకూ చాపాడు. ఆమె ఆ రెండు చేతులూ దాటుకుని పోయి, తాళంచెవిని వినోద అరచేతిలో పెట్టి వేళ్లు ముడిచింది.

"శనివారం నీ బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పింది నాకు తెల్వక చెప్పిన," అంది. "ఇయ్యాల తెలిసి చెప్తాన. మీ అన్న బోర్డు చదవలే. అప్పజెప్పిండు. ఈ అద్దాలు కరెక్ట్ అద్దాలు కావు."

సదానందం ఇస్సాకు వైపు తిరిగాడు. ఇస్సాకు చాచిన చెయ్యి అట్లాగే ఉంది.

వినోద పిడికిలి బిగించుకుని నాలుగడుగులు వెనక్కి వేసింది. వ్యాను మెట్టు మీది పిల్లను కిందికి దించి, తన వెనక్కి లాక్కుంది. అక్కడి నుంచే, అరవకుండా, అడిగింది.

"అన్నా, నువ్వే చెప్పు. కనవడుతానయా?"

ఇస్సాకు నోరు తెరిచాడు. ఈసారి అప్పజెప్పడానికి ఆయనకు వచ్చిన వరుస ఏదీ లేదు.